రాత్రి నిలిపిన లారీ ఉదయానికి స్టార్టు కాకపోతే: కరెంటు లీకు పట్టుకునే పద్ధతి

తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల మధ్య మా షెడ్డు ఉంది. తెల్లవారకముందే ఎవరో ఒక డ్రైవర్ వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. "అన్నా, రాత్రి బాగానే నిలిపాను. పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయింది. బ్యాటరీలు మార్చి ఆరు నెలలు కూడా కాలేదు." ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పక్క లారీ నుంచి కేబుళ్లు వేసి స్టార్టు చేసి పంపడం రెండు నిమిషాల పని. కానీ ఆ బండి మూడో రోజు ఇంకెక్కడో, ముద్దనూరు ఘాట్ దగ్గరో బెంగళూరు శివార్లలోనో, సరుకుతో సహా ఆగిపోతుంది. అందుకే అసలు కారణాన్ని మీరే పట్టుకునే పద్ధతి రాస్తున్నాను. కావలసింది వోల్టులు, ఆంపియర్లు కొలిచే మంచి మీటరు (మల్టీమీటరు) ఒకటి, రెండు మూడు గంటల సమయం, తొందరపడని మనసు.

తాళం చెవి తీసేసి, లైట్లన్నీ ఆర్పేసి నిలిపిన బండిలో కూడా ఏదో ఒకటి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటూ ఉంటుంది. ఇంజను కంప్యూటర్, గడియారం, జీపీఎస్ పరికరం వంటివి కొద్దిగా తీసుకోవడం సహజం. ఆ హద్దు దాటి తీసుకుంటే దాన్ని లీకు అంటాం. డీజిల్ పంపు నుంచి బ్రేకుల వరకు ఎలక్ట్రానిక్స్ లేని పాత లారీలో ఈ కరెంటు దాదాపు సున్నా ఉండాలి. కొత్త బండ్లలో 50 మిల్లీఆంపియర్ల (ఆంపియర్‌లో వెయ్యో వంతు ఒక మిల్లీఆంపియర్) వరకు చింత లేదు. జీపీఎస్ వంటివి కలిపి 100 వరకు ఉన్నా ఓర్చుకోవచ్చు. అంతకు మించితే వెతకాలి.

మీటరు తీయకముందే ఒక లెక్క

చాలామంది ఎలక్ట్రీషియన్లు వేయని లెక్క ఇది. నాకు అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది కూడా ఇదే.

మీ లారీ 24 వోల్టులది అనుకుందాం. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. ఒక్కొక్కటి 120 ఆంపియర్-అవర్ (ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు ఇచ్చే కరెంటు ఒక ఆంపియర్-అవర్) అయితే, రెండూ కలిపినా సామర్థ్యం 120 మాత్రమే, 240 కాదు. వరుసగా కలిపితే వోల్టులు కూడతాయి, ఆంపియర్-అవర్లు కూడవు. ఇక్కడే చాలామంది పొరపడతారు.

నిండుగా ఉన్న బ్యాటరీలు సగానికి దిగితే పెద్ద ఇంజనుకు సెల్ఫ్ తిరగడం కష్టమవుతుంది. అంటే 60 ఆంపియర్-అవర్లు పోవాలి. అర ఆంపియర్ లీకు ఉంటే రోజుకు 12 పోతాయి, ఐదు రోజులకు బండి మొరాయిస్తుంది. ఒక ఆంపియర్ అయితే రెండున్నర రోజులు. రాత్రి పన్నెండు గంటల్లోనే దిగిపోవాలంటే 5 ఆంపియర్లు పోతూ ఉండాలి. అది చిన్న లీకు కాదు, పెద్ద బల్బులు రాత్రంతా వెలిగినట్టే.

కాబట్టి మీ బండి ఎన్ని రోజులు నిలిపితే ఆగిపోతుందో డ్రైవర్‌ను అడిగి రాసుకోండి. తర్వాత మీటరు చూపే అంకెను దీనితో సరిపోల్చండి. మీటరు 80 మిల్లీఆంపియర్లు మాత్రమే చూపిస్తూ, బండి ఒక్క రాత్రికే ఆగిపోతుంటే లీకు కోసం వెతకడం వృథా. అప్పుడు తప్పు బ్యాటరీలోనో, చార్జింగులోనో ఉంది. లేదా మీరు కొలిచిన సమయానికి ఆ లీకు నిద్రపోతూ ఉంది.

బ్యాటరీని, చార్జింగును ముందు తేల్చుకోండి

లీకు వెతికేముందు బ్యాటరీలు నిండుగా ఉండాలి. షెడ్డులో చార్జింగు పెట్టించండి, ఆ తర్వాత కొన్ని గంటలు ఊరకే ఉంచండి. అంత సమయం లేకపోతే హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వేసి ఆర్పండి. చార్జింగు తీసిన వెంటనే మీటరు చూపే వోల్టులు పైపై పొంగు లాంటివి, వాటిని నమ్మకూడదు.

ఇప్పుడు ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. 12.6 నుంచి 12.7 ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతు మిగిలిందని అర్థం. రెండు బ్యాటరీల మధ్య తేడా 0.2 వోల్టులు దాటితే ఆ సంగతి గుర్తు పెట్టుకోండి, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరుతో ప్రతి గది యాసిడ్‌ను చూడండి. నిండా చార్జింగు ఎక్కాక బ్యాటరీ రకాన్ని బట్టి 1.240 నుంచి 1.280 మధ్య చూపాలి. అన్ని గదులూ ఒకేలా ఉండటం ముఖ్యం. ఒక్క గది మిగతావాటి కంటే 0.050 తక్కువగా ఉంటే ఆ గది పోయింది. ఆ బ్యాటరీని ఎంత చార్జింగు చేసినా ఫలితం ఉండదు.

తర్వాత ఇంజను స్టార్టు చేసి, కాస్త వేగం పెంచి చూడండి. 24 వోల్టుల బండిలో బ్యాటరీల రెండు చివరల మధ్య 27.5 నుంచి 28.8 వరకు రావాలి. చిన్న పికప్ బండ్లలో, అంటే 12 వోల్టుల వాటిలో, 13.8 నుంచి 14.4 వరకు రావాలి. అంతకంటే తక్కువ ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని నింపే యంత్రం), దాని బెల్టు, ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కు వెళ్లేది) చూడాలి. మా ఊళ్లో క్వారీ నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి యార్డుకు నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండ్లు ఎన్నో ఉన్నాయి. రోజుకు ఇరవై సార్లు సెల్ఫ్ కొడతారు, ఆ కొద్ది దూరంలో బ్యాటరీ తిరిగి నిండదు. అలాంటి బండికి లీకు లేకపోయినా బ్యాటరీ దిగిపోతుంది. కర్నూలు మార్కెట్ యార్డు ముందు ఉల్లి లోడుతో వరుసలో నిలబడి, ఇంజను ఆపి, క్యాబిన్‌లో ఫ్యాను, లైటు, పాటలు నడిపే బండి సంగతీ అంతే. అది వాడకం, లీకు కాదు. డ్రైవర్‌ను నిందించకుండా ఈ రెండింటినీ విడదీయండి. నలభై డిగ్రీల ఎండలో ఆ చిన్న ఫ్యాను లేకపోతే మనిషి బతకలేడు.

బ్యాటరీ పైభాగాన్ని కూడా చూడాలి. రాతి దుమ్ము, యాసిడ్ తేమ కలిసి పైన బురదలా పేరుకుంటే ఆ బురద గుండానే కరెంటు ఒక టెర్మినల్ నుంచి రెండోదానికి పాకుతుంది. మీటరును వోల్టుల్లో పెట్టి, నల్ల తీగను నెగటివ్ టెర్మినల్‌కు తాకించి, ఎర్ర తీగను ప్లాస్టిక్ పెట్టె పైభాగంలో అక్కడక్కడ ఆనించండి. పొడిగా ఉంటే ఏమీ చూపదు. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే ఆ మురికి కరెంటు మోస్తోందని అర్థం. మూతలు గట్టిగా బిగించి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ కడిగి తుడవండి. సోడా నీళ్లు ఒక్క చుక్క కూడా గదుల్లోకి దిగకూడదు. ఎండాకాలంలో బ్యాటరీ దానంతట అదే దిగిపోయే వేగం పెరుగుతుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నెల రోజులు నిలిపిన బండి స్టార్టు కాకపోతే వెంటనే లీకు అనుకోకండి.

కొలిచే ముందు జాగ్రత్తలు

చేతికి కడియం, ఉంగరం, గడియారం ఉంటే తీసేయండి. స్పానర్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉంగరం చిక్కుకుని వేలు కాలిన మనిషిని నేను చూశాను. చార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, దగ్గర బీడీ వెలిగించకూడదు, నిప్పురవ్వ రాకూడదు. కేబుల్ విప్పేటప్పుడు ఎర్త్ ముందు, బిగించేటప్పుడు ఎర్త్ చివర.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే నియమాల) బండ్లలో యూరియా ద్రవం వాడే వాటికి ఇంకో నియమం ఉంది. తాళం చెవి తీసిన తర్వాత కూడా సైలెన్సర్ వైపు యూరియా ద్రవాన్ని చల్లే పంపు కొంతసేపు పనిచేసి, గొట్టాల్లో మిగిలినదాన్ని ట్యాంకుకు తిరిగి లాగుతుంది. ఆ పని అయ్యేలోపు బ్యాటరీ విప్పితే ద్రవం గొట్టాల్లోనే ఉండి గడ్డకడుతుంది. ఎంతసేపు ఆగాలో కటాఫ్ స్విచ్ (బ్యాటరీ కరెంటును బండి నుంచి తెంచే స్విచ్) పక్కన అంటించిన కాగితంలోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. అది చదివి, అంతకంటే ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువే ఆగండి.

ముందు బల్బు, తర్వాత మీటరు

మా గురువు నాకు మీటరు ఇవ్వడానికి ముందు ఒక బల్బు ఇచ్చాడు. 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరుకు రెండు పొడవైన తీగలు, చివర్లలో క్లిప్పులు. పాత లారీలకు నేను ఈ రోజుకూ మొదట దాన్నే వాడతాను.

తాళం చెవి తీసి, తలుపులు మూసి, ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ కేబుల్‌ను బ్యాటరీ నుంచి విప్పండి. ఆ టెర్మినల్‌కూ విప్పిన కేబుల్‌కూ మధ్య బల్బు పెట్టండి. బల్బు నిండుగా వెలిగితే ఒక ఆంపియర్‌కు దగ్గరగానో, అంతకంటే ఎక్కువో పోతోంది. ఎక్కడో పెద్ద లోడు మిగిలి ఉంది, లేదా షార్ట్ ఉంది. అప్పుడు మీటరు పెడితే దాని ఫ్యూజు ఎగిరిపోవచ్చు. అందుకే బల్బు ముందు. తంతి ఎర్రగా మాత్రమే కనిపిస్తే నాలుగైదు వందల మిల్లీఆంపియర్ల వరకు ఉండవచ్చు. అసలు వెలగకపోతే లీకు లేదని కాదు, చిన్నది ఉండవచ్చని అర్థం. ఇప్పుడు మీటరు పెట్టండి.

మీటరులో ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి, డీసీ ఆంపియర్ల గుర్తు దగ్గర పెట్టండి. ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఎర్త్ కేబుల్‌కు. మీటరు ఇలా ఉన్నంతసేపు ఎవరూ తాళం చెవి తిప్పకూడదు, సెల్ఫ్ కొట్టకూడదు. క్యాబిన్ ఎక్కబోయే మనిషికి ముందే చెప్పి ఉంచండి, చెవి మీ జేబులో ఉంచుకోండి.

కొందరు మీటరును వోల్టుల్లోనే ఉంచి ఇదే చోట కొలిచి, "24 వోల్టులు లీకవుతోంది" అంటారు. అది తప్పు. కొన్ని మిల్లీఆంపియర్లు పోతున్నా అక్కడ మీటరు పూర్తి వోల్టులే చూపుతుంది. దాన్ని బట్టి లీకు పెద్దదో చిన్నదో తెలియదు. ఈ ఒక్క తప్పు వల్ల మంచి ఆల్టర్నేటర్‌ను విప్పి మార్చిన సందర్భాలు ఉన్నాయి.

కటాఫ్ స్విచ్ ఉన్న బండి అయితే మీకు ఇంకా సులువైన దారి ఉంది. స్విచ్ వేసి ఉండగానే దాని రెండు బోల్టులకు మీటరు తీగలు తగిలించండి. తర్వాత స్విచ్ ఆపండి. ఇప్పుడు కరెంటు అంతా మీటరు గుండానే పోతుంది. ఏదైనా అనుమానం వస్తే స్విచ్ మళ్లీ వేస్తే మీటరు మీద భారం ఉండదు, బండి కంప్యూటర్లకు కరెంటు ఒక్క క్షణం కూడా తెగదు. స్విచ్ లేని కొత్త బండిలో కూడా ఇదే పని చేయవచ్చు. మీటరు తీగలను క్లిప్పులతో ముందే టెర్మినల్‌కూ కేబుల్‌కూ గట్టిగా పట్టించి, ఆ తర్వాత కేబుల్‌ను మెల్లగా పైకి లేపాలి.

డీసీ కరెంటు కొలిచే క్లాంపు మీటరు ఉంటే ఏదీ విప్పనక్కరలేదు. కేబుల్ చుట్టూ పట్టిస్తే చాలు. ఇళ్ల కరెంటుకు వాడే మామూలు ఏసీ క్లాంపు దీనికి పనికిరాదు. కొలిచే చోటే పట్టుకుని ముందు సున్నా చేసుకుని, తర్వాత కేబుల్ మీద పెట్టండి.

మీటరు మొదట పెద్ద అంకె చూపుతుంది. కంగారుపడకండి. కొత్త బండ్లలో కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోతాయి, దీనికి ఇరవై నుంచి నలభై నిమిషాలు పట్టవచ్చు. తలుపు తెరిస్తే మళ్లీ మేల్కొంటాయి. ఫ్యూజుల పెట్టె క్యాబిన్ లోపల ఉంటే ముందే తలుపు తెరిచి ఉంచి, తలుపు లాక్‌ను స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు చేయండి. లాక్‌తో కాకుండా తలుపు అంచున బటన్ స్విచ్ ఉంటే దాన్ని టేపుతో నొక్కి ఉంచండి. ఆ తర్వాత టీ తాగి రండి. అంకె నిలకడ పడ్డాక కనిపించేదే మీ అసలు లెక్క. దాన్ని కాగితం మీద రాయండి.

ఫ్యూజులు

ఫ్యూజుల పెట్టె ఫోటో ఫోనులో తీసుకోండి. ఏది ఎక్కడ ఉందో తర్వాత వాదన ఉండదు. మీటరు దగ్గర ఒకరిని కూర్చోబెట్టండి. మీరు ఒక్కో ఫ్యూజు తీస్తుంటే వారు అంకె గట్టిగా చదవాలి. ఒక ఫ్యూజు తీయగానే 0.65 ఆంపియర్లు ఉన్నది 0.04కి పడిపోయిందంటే లీకు ఆ ఫ్యూజు వెనుక ఉంది. తీసిన ఫ్యూజును వెంటనే తిరిగి పెట్టకండి, పెడితే కంప్యూటర్లు మేల్కొని మళ్లీ అరగంట ఆగాల్సి వస్తుంది. తీసినవన్నీ వరుసలో పేర్చి, చివర ఒకేసారి పెట్టండి.

కొత్త బండ్లలో ఫ్యూజు తీయకుండానే చూసే పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. బ్లేడ్ ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఆ రెండింటి మధ్య తాకించండి. కరెంటు పోని ఫ్యూజు మీద సున్నా కనిపిస్తుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద ఒక మిల్లీవోల్టు కనిపిస్తే, దాని గుండా 100 నుంచి 150 మిల్లీఆంపియర్లు పోతున్నట్టు లెక్క. ఏదీ విప్పకుండా, ఎవరినీ నిద్రలేపకుండా పది నిమిషాల్లో పెట్టె అంతా చూసేయవచ్చు.

ఫ్యూజు దొరికినంత మాత్రాన పని అయిపోదు. పెట్టె మూత మీద రాసిన పేర్లను పూర్తిగా నమ్మకండి. మన ప్రాంతంలో ఎన్నో లారీలు ఛాసిస్‌గా వచ్చి, క్యాబిన్, బాడీ షెడ్లలో కట్టించుకున్నవే. కంపెనీ చిత్రంలో లేని తీగలు అక్కడ పుడతాయి. "వైపర్" అని రాసిన ఫ్యూజు మీద దేవుడి పటం ముందు వెలిగే ఎర్ర లైటు, నంబర్ ప్లేటు లైటు, పక్క అద్దం దగ్గర అలంకారపు ఎల్ఈడీలు కూడా ఉండవచ్చు. ఆ ఫ్యూజు వెనుక ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా సాకెట్ విప్పుతూ అంకె ఎప్పుడు పడుతుందో చూడాలి.

రిలేల (లోపలి కాయిల్‌కు కరెంటు ఇస్తే పనిచేసే స్విచ్‌ల) విషయానికి మీటరు కంటే చేతి వేళ్లు మంచివి. రాత్రంతా నిలిచిన బండిలో, ఎవరూ సెల్ఫ్ కొట్టకముందే, చీకటితోనే వెళ్లి రిలేలను ఒక్కొక్కటిగా తాకండి. అన్నీ చల్లగా ఉండి ఒకటి గోరువెచ్చగా ఉంటే దాని కాయిల్‌లో రాత్రంతా కరెంటు పోయినట్టే. ఆల్టర్నేటర్ వెనుక భాగాన్ని కూడా ఇలాగే తాకి చూడండి. నాకు ఇది నేర్పిన గురువు చలికాలం ఈ పరీక్షకు మంచిదనేవాడు. డిసెంబరులో ఆ చల్లటి ఇనుము మధ్య చిన్న వెచ్చదనం కూడా దాగదు.

ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే

అప్పుడు లీకు ఫ్యూజు లేని దారిలో ఉంది. ఆ దారులు కొన్నే. మొదటిది ఆల్టర్నేటర్. లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు దెబ్బతింటే ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు దాని గుండా వెనక్కి పోతుంది. బ్యాటరీ ఎర్త్ విప్పి, ఆల్టర్నేటర్ వెనుక లావు తీగ నట్టు తీసి, తీగ కొనను రబ్బరుతో చుట్టి దూరంగా కట్టండి. మళ్లీ మీటరు పెట్టండి. అంకె పడిపోతే దొరికింది. ఇలాంటి ఆల్టర్నేటర్ పగలు చార్జింగు దాదాపు సరిగ్గానే చూపుతుంది, అందుకే ఎవరూ దాన్ని అనుమానించరు.

రెండోది సెల్ఫ్ మోటారు మీదకు వెళ్లే లావు కేబుల్. ఛాసిస్ అడ్డపట్టీకి రాసుకుని తోలు అరిగిన చోట, పైన నూనె మురికి, దుమ్ము తడిసినప్పుడు లీకు మొదలవుతుంది. ఎండగా ఉన్నప్పుడు మీటరు ఏమీ చూపదు, వాన పడిన మర్నాడు బండి ఆగుతుంది. ఇలాంటి బండికి నేను కేబుల్ మీద నీళ్లు చల్లి మరీ కొలుస్తాను.

మూడోది, మా షెడ్డులో ఎక్కువగా దొరికేది, బ్యాటరీ టెర్మినల్ నుంచే నేరుగా లాగిన తీగలు. బ్యాటరీ దగ్గర కూర్చుని టెర్మినల్‌కు ఎన్ని తీగలు వచ్చి కలిశాయో లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినవి పోగా మిగిలినవన్నీ అనుమానితులే. జీపీఎస్, ఫోను చార్జరు, ఆంప్లిఫయరు, వెనుక కెమెరా ఏవైనా కావచ్చు. ఫాస్టాగ్‌ను మాత్రం అనుమానించకండి. దానికి బండి కరెంటుతో సంబంధమే లేదు, టోల్ గేటు యంత్రం పంపే తరంగాలతోనే అది పనిచేస్తుంది.

కటాఫ్ స్విచ్ రాత్రంతా ఆపి ఉంచినా బ్యాటరీ దిగిపోతే, స్విచ్‌ను తప్పించి వేసిన తీగ ఒకటి ఉందన్నమాట. లేదా బ్యాటరీయే పోయింది. ఎర్త్ కేబుల్‌తో పాటు టెర్మినల్ మీద ఉన్న చిన్న తీగలన్నీ విప్పి ఒక రాత్రి ఉంచితే ఏదన్నది తేలిపోతుంది.

రెండు బ్యాటరీలు సమానంగా లేకపోతే

నిరుడు ఒక పది చక్రాల లారీ మా దగ్గరకు వచ్చింది. ఏడాదిలో రెండు జతల బ్యాటరీలు మార్చారు. లోడు కోసం మూడు రోజులు నిలబడితే చాలు, నాలుగో రోజు ఉదయం సెల్ఫ్ తిరగదు. యజమాని అప్పు తెచ్చి బ్యాటరీలు కొన్నాడు, ఆ ఖర్చు తన నిర్లక్ష్యం వల్లేనన్నట్టు డ్రైవర్ తలదించుకుని నిలబడ్డాడు. అది నాకు చాలా బాధ కలిగించింది. ఎందుకంటే తప్పు వారిద్దరిదీ కాదు.

రెండు బ్యాటరీలను విడివిడిగా కొలిస్తే ఒకటి 12.6, రెండోది 11.8. వెంటనే అర్థమైంది. మీటరు పెట్టాను, 0.6 ఆంపియర్లు. ఫ్యూజులన్నీ తీశాను, కదలలేదు. రెండు బ్యాటరీలను కలిపే మధ్య కేబుల్ మీద, టేపు కింద దాక్కుని ఒక ఎర్ర తీగ ఉంది. 12 వోల్టుల ఆంప్లిఫయరు కోసం ఎవరో ఒక బ్యాటరీ నుంచే కరెంటు లాగారు. రేడియో ఆపినా ఆంప్లిఫయరు ఆగడం లేదు, దాన్ని మేల్కొలిపే సన్నని తీగను కూడా ఎప్పుడూ కరెంటు ఉండే తీగకే కలిపేశారు. రోజుకు 14 ఆంపియర్-అవర్లు, మూడు రోజులకు 43, అదంతా ఒక్క బ్యాటరీ నుంచే.

నష్టం అంతటితో ఆగదు. ఇంజను నడిచేటప్పుడు 28 వోల్టులు రెండు బ్యాటరీల మీదా కలిపి వస్తాయి. దిగిపోయిన బ్యాటరీ తన వంతు వోల్టులు తీసుకోలేదు, మిగిలినవి నిండుగా ఉన్నదాని మీద పడతాయి. ఒకటి ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండోది మరిగిపోయి నీళ్లు తాగుతుంది. మీ బండిలో ఒక బ్యాటరీకే పదేపదే డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తుంటే, మధ్య కేబుల్ దగ్గర టేపు విప్పి చూడండి.

దీనికి మందు 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టరు. దాన్ని తాళం చెవి తిప్పినప్పుడే పనిచేసేలా రిలే ద్వారా కలపాలి. నేరుగా కలిపితే కన్వర్టరే చిన్న లీకుగా మారుతుంది.

అప్పుడప్పుడు వచ్చే లీకు

మీటరు ముందు అంతా బాగుండి, మళ్లీ నాలుగు రోజులకు ఆగిపోయే బండి ఓపికను పరీక్షిస్తుంది. మీటరు అలాగే ఉంచి తీగల కట్టలను చేత్తో కదిలించండి. క్యాబిన్ వెనక్కి వంగే లారీల్లో, వంపు దగ్గర కట్ట మడతపడే చోటు మొదట చూడాలి. ఆ తర్వాత వెనుక లైట్లకు వెళ్లే కట్ట, ముఖ్యంగా టిప్పర్లలో తొట్టి లేచి దిగే చోట. బ్రేకు లైటు స్విచ్ ఒక్కోసారి ఇరుక్కుపోతుంది. రాత్రి బండి నిలిపాక ఒకసారి వెనక్కి నడిచి వెళ్లి చూడమని డ్రైవర్‌కు చెప్పండి. తాళం చెవి స్విచ్ అరిగిపోయి, చెవి తీశాక కూడా లోపలి కాంటాక్టు విడవకపోవడం పాత బండ్లలో మామూలే. చెవి తీసినా డాష్‌బోర్డు మీద ఏదైనా గుర్తు మసకగా వెలుగుతుంటే అది అదే.

టూల్ బాక్సులోనో, పడక వెనుకనో ఉన్న చిన్న బల్బు కూడా తక్కువది కాదు. 10 వాట్ల బల్బు 24 వోల్టుల్లో 0.42 ఆంపియర్లు తీసుకుంటుంది, రోజుకు 10 ఆంపియర్-అవర్లు. మూత మూస్తే ఆరుతుందో లేదో మీ కంటికి కనిపించదు. ఫోనులో వీడియో పెట్టి, లోపల ఉంచి, మూత మూసి, తీసి చూడండి.

బాగుచేయడం

దొరికిన తీగను పీకేసి టేపు చుట్టి వదిలేయకండి. ఆ పరికరం డ్రైవర్‌కు అవసరమైతే దానికి బ్యాటరీ దగ్గరే సరైన ఫ్యూజు పెట్టి, తాళం చెవితో ఆగే దారిలోకి మార్చండి. జీపీఎస్ మాత్రం ఎప్పుడూ కరెంటు కోరుతుంది. దాని వాడకాన్ని విడిగా కొలిచి హద్దులో ఉందో లేదో చూడండి. లేకపోతే పరికరమే పాడైంది. జాయింటుకు టంకం వేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడగండి. ఇనుప రంధ్రం గుండా వెళ్లే ప్రతి తీగకూ రబ్బరు వలయం ఉండాలి. రాళ్ల లోడుతో గతుకుల దారిలో ఊగే బండిలో, ఆ వలయం లేని తీగకు ఆరు నెలల ఆయుష్షు కూడా ఉండదు.

కటాఫ్ స్విచ్ పెట్టి రోజూ ఆపుకుంటే చాలదా అని అడుగుతారు. స్విచ్ మంచిదే, నేనూ పెట్టమంటాను. కానీ లీకు పట్టుకున్న తర్వాతే. తోలు అరిగి ఛాసిస్‌కు తగిలే తీగకు స్విచ్ రాత్రి మాత్రమే కాపలా. ఆ తీగ పగలు, బండి నడుస్తుండగా, డీజిల్ గొట్టం పక్కన నిప్పు పెట్టగలదు.

అన్నీ బిగించాక మళ్లీ మీటరు పెట్టి, అరగంట ఆగి, అంకె రాసుకోండి. ఆ రాత్రి రెండు బ్యాటరీల వోల్టులు కొలిచి, ఉదయం సెల్ఫ్ కొట్టకముందు మళ్లీ కొలవండి. ఒక్కొక్కటి 0.1 వోల్టు కంటే ఎక్కువ తగ్గకూడదు, రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఇలా మూడు ఉదయాలు చూశాకే బండిని దూరం లోడుకు పంపండి. మా షెడ్డులో ఆ అంకెను, తేదీని తెల్ల రంగుతో బ్యాటరీ పెట్టె మూత లోపలి వైపు రాస్తాం. ఎక్కడో నాగపూర్ దగ్గర బండి ఆగినా, అక్కడి ఎలక్ట్రీషియన్ మూత తెరవగానే లీకు ఎంత ఉండాలో, ఎప్పుడు కొలిచారో అతనికి కనిపిస్తుంది.